గంట కొట్టిన చెయ్యి

ఇన్వర్‌కార్గిల్
జూన్ 9

గ్రేసమ్మ ఆంటీగారికి వందనాలు.

ముందుగా నా రాతకూ తప్పులకూ క్షమించండి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పైగా న్యూజిలాండ్‌లో జూన్ అంటే చలికాలం, వేళ్ళు వంగడం లేదు, అక్షరాలు వంకరగా పడుతున్నాయి. ఎక్కడైనా ఒత్తులు పోతే మీరే పెట్టుకుని చదవండి.

మీరు ఉత్తరం రాసింది మా మామయ్య సైలస్ గారికి. నేను ఆయన కొడుకు ఫ్రాంక్లిన్ భార్యను. నా పేరు సువార్త. మామయ్యకు రెండు కళ్ళకూ పొర వచ్చింది. అందుకని ఏ కాగితం వచ్చినా నేనే చదివి వినిపిస్తాను. మీ ఉత్తరం కూడా అలాగే మొదలుపెట్టాను. "నా భర్త రత్నరాజు బొగ్గుబాయి రైలుకు ఇంజను డ్రైవరు, మీరు అదే రైలుకు గార్డు" అన్న చోటికి వచ్చేసరికి ఆయన టీ కప్పు కింద పెట్టేశారు.

"ఆపు."

"ఇంకా ఉంది మామయ్యా."

"ఆపుమన్న కదా. అసొంటి మనిషి ఈడ లేడని రాసి పంపు."

మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే లేడని ఎలా రాయను ఆంటీ? రాయలేకపోయాను. మిగతాది వంటింట్లో ఒక్కదాన్నే చదువుకున్నాను.

బాయిలో ప్రమాదం జరిగిన రోజు గంట ఎన్నిసార్లు మోగిందని మీరు అడిగారు. ఏటా ఆగస్టులో మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో దేవుడు తనను ఎలా కాపాడాడో మామయ్య సాక్ష్యం చెబుతారు. నేను మూడేళ్ళుగా వింటున్నాను. "ఒక్కసారే కొట్టిన, ఆపుమని. డ్రైవరు ఇనలేదు. పదకొండుమంది నా కళ్ళముందే పోయిన్రు. దేవుడు నన్ను మిగిల్చిండు" అంటారు. ఇక్కడి పిల్లలు ఆయన్ని ట్రైన్ తాతయ్య అని పిలుస్తారు. అంతకంటే నాకేమీ తెలియదు. మీ మనసు కష్టపెట్టుకోకండి.

ఒక్క మాట. ఆ ప్రమాదం ఏ తేదీన, ఏ వేళకు జరిగింది? మామయ్య సాక్ష్యంలో "ఒక దినాన" అంటారే గాని తేదీ చెప్పరు. ఊరికే అడుగుతున్నాను.

రాస్తే నా పేరు మీదే రాయండి. ఉత్తరాల డబ్బా చూసేది నేనే.

ఇట్లు
సువార్త


శాండ్రింగ్‌హామ్
ఆక్లాండ్, జూన్ 21

బిడ్డ సువార్తకు,

నీ రాతకేమైంది? నా బిడ్డ బెట్సీ ఆస్పత్రి నుంచి తెచ్చే డాక్టరు చీటీల కంటే వెయ్యి రెట్లు నయం.

నాకు చెవులు పోయాయి. ఫోనులో మాట్లాడానంటే రోడ్డు అవతలి కిరాణా కొట్టువాళ్ళకు కూడా నా గోడు వినిపిస్తుంది. అందుకే ఉత్తరం. బెట్సీ అయితే "పాతది ఎందుకు తవ్వుతావమ్మా" అంటుంది. కానీ మీ ఫెలోషిప్ వాళ్ళ వీడియో నాకు చూపించింది అదే. చెవుల్లో ఆ తీగలు పెట్టి, సౌండు మొత్తం పెంచింది. సైలస్ మొహం గుర్తుపట్టలేదు. గొంతు గుర్తుపట్టాను. ఒకే క్వార్టర్స్ లైన్లో పక్క పక్క ఇళ్ళు మావి. వదినా, వదినా అంటూ మా ఇంట్లో మామిడికాయ పచ్చడి తిన్న గొంతు.

నీకు బాయి సంగతి తెలియదు కాబట్టి చెబుతాను. ఏటవాలు సొరంగంలో పట్టాల మీద చిన్న రైలు. కార్మికులను దించడానికీ, ఎక్కించడానికీ. పైన ఇంజను గదిలో డ్రైవరు కూర్చుని దాన్ని ఉక్కు తాడుతో లాగుతాడు. లోపల ఏం జరుగుతుందో ఆయనకు కనిపించదు. గార్డు గంట కొడితే దాన్ని బట్టే నడిపిస్తాడు. ఒకసారి కొడితే ఆపాలి. రెండుసార్లయితే దించాలి. మూడుసార్లయితే పైకి లాగాలి.

1991 ఆగస్టు పద్నాలుగు, బుధవారం. మధ్యాహ్నం రెండున్నర. మొదటి షిఫ్టు వాళ్ళు పైకి వస్తున్నారు. మధ్యలో ఒక బోగీ పట్టా తప్పింది. దాన్ని ఎత్తడానికి బోగీలను కలిపే పిన్ను పీకి, వెనక మూడు బోగీలకు చెక్క అడ్డు పెట్టారు. మళ్ళీ పిన్ను వేయకముందే తాడు లాగింది. ఆ కుదుపుకు చెక్క ఎగిరిపోయింది. మూడు బోగీలూ మనుషులతో సహా కిందికి పరుగెత్తి అడుగున గోడకు కొట్టుకున్నాయి.

ఎంక్వయిరీలో సైలస్ ఒక్కసారే కొట్టానన్నాడు. మా ఆయన మూడుసార్లు విన్నానన్నాడు. లోపల ఉండి బతికి వచ్చినవాడు ఒకడు, పైన కుర్చీలో కూర్చున్నవాడు ఒకడు. ఎవరి మాట నమ్ముతారు? ఉద్యోగం పోయింది. తాగి ఉన్నాడన్నారు. పండగకు కూడా తాగని మనిషి ఆయన. బెట్సీని బడిలో పదకొండుమందిని చంపినోడి బిడ్డ అన్నారు. ఆయన రాత్రీ పగలూ వేళ్ళతో మంచం పట్టె మీద కొట్టి చూపించేవాడు. ఒకటి, రెండు, మూడు. "మూడే గ్రేసూ, నేను సరిగ్గనే ఇన్న." ఆరేళ్ళు అలా కొట్టి కొట్టి పోయాడు.

సైలస్ జైలుకు పోవాలని నాకు లేదు. ఒక్కసారి మూడు అంటే చాలు.

గ్రేసమ్మ


ఇన్వర్‌కార్గిల్
జూలై 3

ఆంటీగారికి,

ఇక రాయకండి. ఈసారి ఉత్తరం ఫ్రాంక్లిన్ చేతిలో పడింది. వృద్ధుల రెస్ట్ హోమ్‌లో ఆయన డ్యూటీ మారింది. పగలు ఇంట్లో ఉంటున్నారు.

"ఎవరీ గ్రేసమ్మ? నీకు ఆక్లాండ్‌లో చుట్టాలెప్పుడు పుట్టుకొచ్చారు?"

"చర్చి ఆంటీ. వంటల గురించి రాస్తారు."

"వంటలకు ఉత్తరాలా? యూట్యూబ్ లేదా?" అని నవ్వి నా చేతికి ఇచ్చేశారు. విప్పలేదు. మంచివారు. ఆయనకు అబద్ధం చెప్పడం నాకు ఇదే మొదటిసారి.

మీరు రాసినదంతా చదివాను. మీకు జరిగినది అన్యాయమే కావచ్చు. కానీ నాకు బాయి తెలియదు, గంటలు తెలియవు. నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నన్ను వదిలేయండి.

సువార్త


శాండ్రింగ్‌హామ్
జూలై 14

సువార్తకు,

తేదీ అడిగావు. వేళ అడిగావు. నేను రెండూ చెప్పాను. వెంటనే నీ నోరు మూతపడింది. నేను ఆడపిల్లను పెంచినదాన్ని. నోట్లో ఏదో పెట్టుకుని పెదవులు బిగించిన పిల్లను చూస్తే నాకు తెలుస్తుంది.

మా చర్చి గోడకు ఒక కాగితం అంటించారు. ఆగస్టు పదహారు, శనివారం, సైలస్ గారి సాక్ష్యం. పేరేమిటో తెలుసా? "మరణపు సొరంగం నుండి." పక్కన మీ మామయ్య ఫోటో. పాస్టరుగారు విమానం టికెట్లు కూడా పంపారట, తండ్రికీ కొడుక్కీ. నా భర్తను ముంచిన కథ నా చర్చిలో, నా ముందు చెబుతాడు. చివర్లో అందరూ చప్పట్లు కొడతారు.

నేను ముందు వరసలో కూర్చుంటాను. మళ్ళీ ఒక్కటి అన్నాడా, లేచి నిలబడతాను. కానీ నా దగ్గర ఏముంది బిడ్డా? చచ్చిపోయిన మనిషి మాట. చెవిటి ముసలిదాని అరుపు. నలుగురూ జాలిపడి, గ్లాసుతో నీళ్ళిచ్చి, కూర్చోబెడతారు. అంతే.

నీ దగ్గరున్నది ఏమిటో నాకు తెలియదు. ఉన్నదని మాత్రం తెలుసు.

గ్రేసమ్మ


ఇన్వర్‌కార్గిల్
ఆగస్టు 4

గ్రేసమ్మ ఆంటీగారికి,

మూడు వారాలుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఈరోజు మామయ్యను ఫ్రాంక్లిన్ కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వాళ్ళు వచ్చేలోపు రాసేయాలి.

1991 ఆగస్టు పద్నాలుగు ఫ్రాంక్లిన్ పుట్టిన రోజు. పుట్టిన వేళ మధ్యాహ్నం రెండున్నర.

మా అత్తమ్మ బతికి ఉండగా ఆ సంగతి నాకు చెప్పింది. కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు, నా తల దువ్వుతూ. బిడ్డ బయటపడగానే మామయ్య బొగ్గు చేతులతోనే ఎత్తుకున్నారట. నర్సు తిట్టిందట, "కడుక్కుని రావయ్యా, బిడ్డ తెల్లగా పుట్టింది, నువ్వు నల్లగా చేస్తున్నావు" అని. తువ్వాలు మీద పది వేళ్ళూ పడ్డాయట. చెప్పి నవ్వి, వెంటనే నా భుజం నొక్కింది. "ఈ మాట మీ మామ ముందు అనకు." ఎందుకో నాకు తెలియలేదు. మామయ్య ప్రమాదం అయ్యాక ఉద్యోగం మానేసి ఖమ్మం వచ్చేశారు కాబట్టి, ఆ తేదీ ఫ్రాంక్లిన్‌తో అనేవాళ్ళే లేరు.

సాక్ష్యం ఏటా ఆగస్టులోనే అని అనుమానం వచ్చి మిమ్మల్ని తేదీ, వేళ అడిగాను. మీ రెండో ఉత్తరంలో రెండూ కలిశాయి. రెండున్నరకు ఆస్పత్రిలో బిడ్డను ఎత్తుకున్న మనిషి రెండున్నరకు సొరంగంలో గంట ఎలా కొడతాడు?

నిన్న ఆదివారం అడిగేశాను. ఫ్రాంక్లిన్ డ్యూటీలో ఉన్నారు. నేను మామయ్య కళ్ళలో చుక్కలు వేస్తున్నాను. ఆయన తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన చూస్తూ ఉంటే నేను అడగలేకపోయేదాన్ని.

"మామయ్యా, ఫ్రాంక్లిన్ పుట్టినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?"

"దవాఖానల."

"ప్రమాదం అయినప్పుడు?"

చుక్కలు చెంపల మీదికి కారుతున్నాయి. నేను తుడవలేదు.

"మీ అత్త చెప్పిందా?"

"అత్తమ్మ తువ్వాలు సంగతే చెప్పింది. మిగతాది నేనే లెక్కేసుకున్నాను."

అప్పుడు కళ్ళు తెరవకుండానే చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం అత్తమ్మకు నొప్పులని కబురు వచ్చిందట. షిఫ్టు మధ్యలో వెళ్ళడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదట. ఆయన తమ్ముడు కూడా అదే బాయిలో పని. తమ్ముడికి "రైలు నువ్వు చూస్కో" అని అప్పజెప్పి, నడిచే దారిలో పైకి వచ్చేశారు. బాయిలోకి దిగేవాళ్ళు దీపాల గదిలో తమ నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటారట. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకుంటారట. దీపం ఇస్తే ముందే వచ్చినట్టు దొరికిపోతారు కదా. అందుకని దీపం నడుముకు అలాగే ఉంచుకుని గది వెనక నుంచి ఆస్పత్రికి పోయారు. ఆయన బిళ్ళ పలక మీదే వేలాడుతోంది. అంటే కంపెనీ లెక్కలో ఆయన లోపలే ఉన్నట్టు.

చేతిలో బిడ్డ ఉండగానే సైరన్ వినిపించిందట. పరుగెత్తి, వచ్చిన దారినే మళ్ళీ దిగారు. అందరికంటే ముందు అడుగుకు చేరారు. తమ్ముడికి ఇంకా ప్రాణం ఉంది.

"తమ్ముడు, 'అన్నా, పిన్ను ఏసిన్రనుకున్న. మూడు కొట్టిన' అన్నడు. గంతే."

పైవాళ్ళు వచ్చేసరికి ఒళ్ళో తమ్ముడి శవంతో కూర్చుని ఉన్నారు. ఒంటినిండా మసి, రక్తం. వాళ్ళే ఆయన్ని బతికినవాళ్ళలో రాసుకున్నారు. గంట పైన ఇంజను గదిలోనే మోగుతుందట, కొట్టిన చెయ్యిని చూసినవాళ్ళు పోయిన పదకొండుమందే.

"నేను కాదనలే" అన్నారు మామయ్య.

"మరి ఒక్కటే కొట్టానని ఎందుకు చెప్పారు?"

"మూడంటే ఎవడు కొట్టిండంటరు. నేనంటే జైలు. తమ్ముడంటే, నువ్వేడ సచ్చినవ్‌రా అంటరు. తమ్ముడు మట్టిల పోయిండు, ఆని మీద మన్ను పొయ్యబుద్ధి కాలే. రత్నరాజన్న బతికున్నడు. బతికున్నోడు ఎట్లనో లేచి నిలబడతడనుకున్న."

"నిలబడలేదు మామయ్యా. ఆరేళ్ళు మంచం పట్టె కొట్టి కొట్టి పోయారు."

ఆయన లేచి కూర్చున్నారు. ఆక్లాండ్ చర్చిలో ముందు వరసలో మీరు ఉంటారని చెప్పాను. ఈసారి నిజం చెప్పండి అని చేతులు పట్టుకున్నాను.

"ఫ్రాంక్లిన్‌కు ఏం చెప్పాలె? నువ్వు పుట్టిన పూటకు పదకొండు శవాలు లేచినయని చెప్పాలెనా? ఎప్పుడు చెప్పేదే చెప్త." మెల్లగా అన్నారు. "నువ్వు చెప్పినవనుకో, ఈ ఇంట్ల నీకు జాగ ఉండదు బిడ్డా."

అది నిజమే ఆంటీ. ఫ్రాంక్లిన్‌కు తండ్రి అంటే ప్రాణం. నా వీసా ఆయన మీదే ఉంది. ఈ దేశంలో నాకు ఆయన తప్ప ఎవరూ లేరు. ఇంగ్లీషులో బస్సు టికెట్ అడగడానికే నాకు చెమటలు పడతాయి.

అయినా రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ చేతిసంచిలో పెట్టుకుని చర్చికి వెళ్ళండి. మామయ్య తన నోటితో నిజం చెబితే దీన్ని బయటికి తీయకండి. ఫ్రాంక్లిన్ ఈ మాట తండ్రి నోట వినాలి, నా రాతలో కాదు. మళ్ళీ ఒక్కటి అన్నారంటే మీ పాస్టరుగారి చేతికి ఇచ్చి, అందరి ముందూ చదివించండి. నా పేరు దాచనక్కరలేదు. ఆ తర్వాత నా సంగతి దేవుడు చూసుకుంటాడు.

ఇది నేను రాసినదే, నిజం.

ఫ్రాంక్లిన్ భార్య సువార్త


శాండ్రింగ్‌హామ్
ఆగస్టు 18

నా బిడ్డ సువార్తకు,

ఫ్రాంక్లిన్ ఇంటికి వచ్చి నీకు ఏం చెప్పాడో, ఎంత చెప్పాడో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు వరసలో కూర్చున్నాను. సంచి ఒళ్ళో. బెట్సీ ఒకటే గోల, "సంచి కింద పెట్టమ్మా, ఎవరెత్తుకుపోతారు?" అని. పెట్టలేదు. చెవుల్లో కొత్త మిషను పెట్టింది గాని అది గుయ్యిమనడం తప్ప ఏమీ చేయదు. మీ మామయ్య పెదవులే చూస్తున్నాను. బోగీ పట్టా తప్పిందని చేత్తో చూపించాడు. పిన్ను తీశారని చూపించాడు. తర్వాత కుడి చెయ్యి పైకెత్తాడు, గంట కొట్టినట్టు.

నేను లేచి నిలబడ్డాను.

"ఎన్నిసార్లు సైలసూ?"

నా గొంతు నాకు తెలియదు కదా. పక్కన చంటిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చిందట. మీ మామయ్య చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. పాస్టరుగారు నా వైపు వస్తుంటే బెట్సీ అడ్డం నిలబడింది. తవ్వొద్దు తవ్వొద్దన్న పిల్లే.

ఆయన మైకు వదిలేసి, మెట్లు తడుముకుంటూ దిగి వచ్చాడు. మొహం దగ్గరగా పెట్టి చూశాడు. నేనెవరో పోల్చుకుని ఏదో అన్నాడు.

"వినపడలేదు. గట్టిగా చెప్పు" అన్నాను.

మళ్ళీ అన్నాడు. నాకు వినపడలేదు. "ఇంకా గట్టిగా!" అన్నాను. నిజంగానే వినపడలేదు బిడ్డా, మొండితనం కాదు. అప్పుడు నా రెండు భుజాలూ పట్టుకుని అరిచాడు. హాలంతా విన్నది.

"మూడు వదినా! మూడు! నా తమ్ముడు కొట్టిండు. నేను ఆ రైల్ల లేను. కొడుకు పుట్టిండని దవాఖానల ఉన్న. రత్నరాజన్న సరిగ్గనే ఇన్నడు!"

చప్పట్లు లేవు.

నీ మొగుడు చివరి వరసలో ఉన్నాడు. నేను తిరిగి చూసేసరికి తలుపు ఊగుతోంది.

తేలికపడతాననుకున్నాను. ఇంటికొచ్చి ఉప్మా చేసుకుని, తినకుండా చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ పొద్దున లేవగానే సైలస్‌ను తిట్టుకునేదాన్ని. ఈరోజు లేచి ఏం చేయాలో తోచలేదు.

నీ ఉత్తరం సంచిలోంచి తీయలేదు. ఎవరికీ చెప్పలేదు, బెట్సీకి కూడా. కానీ ఒకటి అడుగుతాను. దాన్ని నా దగ్గరే ఉంచుకోనా? నా భర్త పక్షాన ఒక మనిషి సంతకం పెట్టిన కాగితం నాకు ఈ లోకంలో అదొక్కటే.

నిన్ను ఏమైనా అన్నారా? నా దగ్గరకు వచ్చేయాలనిపిస్తే వచ్చేయి. గది ఉంది.

నీ గ్రేసమ్మ


ఇన్వర్‌కార్గిల్
ఆగస్టు 28

గ్రేసమ్మ ఆంటీగారికి,

నేను ఇంట్లోనే ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే భయంగా ఉంది.

వచ్చిన మర్నాడు ఫ్రాంక్లిన్ పొద్దున్నే కారు తీసుకుని సముద్రం వైపు వెళ్ళి, సాయంత్రానికి వచ్చారు. బూట్ల నిండా ఇసుక. అన్నం పెట్టాను. ముద్ద కలుపుతూ, "వచ్చే ఏడు కేకు తేవద్దు" అన్నారు. సరేనన్నాను. వారం రోజులు అంతే మాట.

మొన్న మంగళవారం కాగితం, పెన్నూ తీసుకుని తండ్రి ఎదురుగా కూర్చున్నారు. "చెప్పండి నాన్నా, నేను రాస్తాను" అన్నారు. మామయ్య చెప్పారు. ఫ్రాంక్లిన్ రాశారు. మధ్యలో రెండుసార్లు పెన్ను ఆగింది. తమ్ముడి మాట దగ్గర ఒకసారి. తువ్వాలు దగ్గర ఒకసారి. ఆ కాగితం దీనితోపాటు పంపుతున్నాను. రత్నరాజు అంకుల్ మూడుసార్లు గంట విన్నది నిజమనీ, ఒక్కసారే అన్న మాట అబద్ధమనీ అందులో ఉంది. కింద మామయ్య సంతకం. సాక్షిగా ఫ్రాంక్లిన్ సంతకం. అది ఉంచుకోండి. బెట్సీ అక్కకు చూపించండి. ఆ ఊళ్ళో మిగిలి ఉన్నవాళ్ళకు ఎవరికి పంపాలన్నా పంపండి.

నాది వద్దు ఆంటీ.

నిన్న చుక్కలు వేస్తుంటే మామయ్య అడిగారు. "దగ్గరికి పోయినప్పుడు సూసిన, వదిన సంచి మీంచి చెయ్యి తియ్యలే. ఏముండె బిడ్డా అండ్ల?" నేను సీసా మూత బిగించాను. ఆయనా మళ్ళీ అడగలేదు. తెలిసి నిజం చెప్పారో, తెలియకుండానే చెప్పారో నేను ఎప్పటికీ అడగను.

ఫ్రాంక్లిన్ మాత్రం తన తండ్రి తనంతట తానే చెప్పాడని నమ్ముతున్నారు. ఆయన ఇప్పుడు పట్టుకుని ఉన్నది ఆ ఒక్కదాన్నే. వాళ్ళు చర్చికి బయలుదేరకముందే వాళ్ళ పరువు నా చేతులతో రాసి మీకు పంపానని ఏదో ఒక రోజు నేనే ఆయనకు చెబుతాను. ఇప్పుడు కాదు. నేను చెప్పేలోపు నా రాత ఆయనకు ఎదురుపడకూడదు.

అందుకని సంచిలోంచి ఆ ఉత్తరం తీసి, మళ్ళీ చదవకుండా కాల్చేయండి. ఇంట్లో కాల్చితే పొగకు అలారం మోగి బెట్సీ అక్క పరుగెత్తుకొస్తుంది, పెరట్లో కాల్చండి. ఫ్రాంక్లిన్ రాసిన కాగితం మాత్రం భద్రంగా దాచుకుని, ఈ ఉత్తరాన్ని కూడా నా పాత ఉత్తరంతోపాటే కాల్చేయండి.

మీ
సువార్త